ఖాళీ జాగా

మా ఊరి ఆశ్రమ పాఠశాలకు కొత్త హాస్టల్ భవనం మంజూరైందని తెలిసిన రోజు మేమంతా సంబరపడ్డాం. మేమంటే ఆ బడిలోనే చదువుకుని మళ్లీ అక్కడికే టీచర్లుగా వచ్చినవాళ్లం కొందరం, ఊళ్లో ఉంటూ బడి మంచిచెడ్డలు చూసుకునే యువకులం కొందరం. అంతకుముందు పిల్లలు పగలు పాఠం విన్న గదిలోనే రాత్రి చాపలు పరుచుకుని పడుకునేవాళ్లు. వాన పడితే రేకుల చప్పుడుకు టీచరు గొంతు వినపడేది కాదు. పాఠం ఆపి, వాన తగ్గేదాకా పిల్లల ముఖాలు చూస్తూ కూర్చునేవాళ్లం. అలాంటి బడికి రెండంతస్తుల భవనం వస్తుందంటే ఎవరికి సంతోషం కాదు?

కొన్నాళ్లకు ప్లాను కాగితం వచ్చింది. బడి ఆవరణ అంతా కొలతలతో గీసి ఉంది. పాత గదులు, వంటశాల, బోరు, గేటు అన్నీ ఉన్నాయి. తూర్పు వైపు పెద్ద చతురస్రం ఒకటి. అందులో రెండే మాటలు రాసి ఉన్నాయి: ఖాళీ స్థలం.

ఆ చోట ఆరు ఇప్పచెట్లు ఉన్నాయి. వాటి నీడలో మా పెద్దల పేరున నాటిన నిలువు రాళ్లు ఉన్నాయి. ఇంకొంచెం దిగితే వాగు ఒడ్డున ఎండాకాలం కూడా ఊరే చెలమ ఉంది. ఇవన్నీ ఉన్న చోటును ఖాళీ అన్న మనిషి చెడ్డవాడేమీ కాదు. టేపు పట్టుకుని వచ్చాడు, కొలిచాడు, గోడలు లేని చోటును ఖాళీ అని రాసుకున్నాడు. ఆయన చదువు ఆయనకు నేర్పింది అదే. అసలు సంగతి వేరే ఉంది. ఆ కాగితం మా చేతికి వచ్చినప్పుడు మేం కూడా ఆ రెండు మాటలు చదివాం. చదివి ఊరుకున్నాం. గ్రామసభ తీర్మానం మీద మా సంతకాలు ఉన్నాయి.

ఊరి పేరు, బడి పేరు ఇక్కడ రాయడం లేదు. గోదావరికి ఇవతల, ములుగు, భద్రాద్రి అడవుల వైపు ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. నింద వేయడం మా ఉద్దేశం కాదు. వేయాలనుకుంటే ముందు మా మీదే వేసుకోవాలి.

జరిగింది చెప్తాం. ఆరు చెట్లలో నాలుగు కొట్టేశారు. రెండు మిగిల్చారు. మిగిల్చామని ఫొటో కూడా తీసుకున్నారు. తర్వాత ముందు వాకిలి బురద కాకుండా ఆ రెంటి మొదళ్లను ఆనుకుని సిమెంటు పోశారు. చెట్టు నీడ ఎంత దూరం పడుతుందో వేళ్లు అంతకంటే దూరం పోతాయి. నీళ్లు పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా పై మూరెడు రెండు మూరల మట్టిలోనే ఉంటాయి. ఈ మాట తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పే మాకు తెలియదా? తెలుసు. ఒకటి రెండో ఏడు ఎండింది, రెండోది ఆ మరుసటి ఏడు. వాకిలి గట్టిపడ్డాక వాన నీళ్లు ఇంకడం మానేసి కాల్వ పట్టి వాగులోకి పోయాయి. చెలమ శివరాత్రికే అడుగంటడం మొదలైంది. రాళ్లలో కొన్నిటిని పక్కకు దొర్లించారు. ఒకటి ఆడపిల్లల స్నానాల గదుల వెనక బట్టలుతికే బండ అయింది. ఆ సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

పునాది తవ్వే రోజున ఒక అవ్వ వచ్చి అక్కడ కూర్చుంది. మమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఏడవలేదు, తిట్టలేదు. "సారూ, ఈ చెట్టు పువ్వు తిని మీ అమ్మ నిన్ను కన్నది. అడిగిండ్రా ఎవరినన్నా?" అని మాత్రం అంది. "తీర్మానం చేసినం గదా అవ్వా" అన్నాం. "నన్నడిగిండ్రా అంటలేను బిడ్డా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ మాట మాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అయింది. ఈ వ్యాసం అంతా దాని గురించే.

ఇప్పచెట్టు గురించి మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. కానీ పట్నం నుంచి వచ్చే టీచర్లు కూడా ఈ పుస్తకం చదువుతారు కాబట్టి నాలుగు మాటలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. పశువులు తినకముందే లేచి ఏరుకోవాలి. ఎండబెట్టి దాచుకుంటే తిండి గింజలు అయిపోయిన రోజుల్లో ఉడకబెట్టుకుని తింటారు. వానలు మొదలయ్యే వేళకు కాయ పండుతుంది, గింజ నుంచి నూనె తీస్తారు. నాటిన మొక్క పూతకు రావాలంటే పదేళ్లు దాటుతుంది, కడుపు నింపేంత పూయాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. అంటే దాన్ని నాటినవాడు ఎక్కువగా మనవడి కోసమే నాటాడు. చెట్టు కొట్టేవాళ్లు మాత్రం ఈ ఏడాది బడ్జెట్ మార్చి 31 లోపు ఖర్చు కావాలని కొడతారు. ఆ మార్చిలోనే పువ్వు రాలుతుంది, చూడండి.

చట్టం ఏం చెప్తుందో చూద్దాం. అటవీ భూమిలో ఊరికి కావలసిన సదుపాయాలు కట్టుకోవడానికి 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) ఉంది. పదమూడు రకాల ప్రభుత్వ సదుపాయాల జాబితా ఇచ్చారు. అందులో మొదటి పేరు బడిదే. భూమి ఒక హెక్టారు లోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు ఉండాలి. కొట్టే చెట్లు హెక్టారుకు 75 దాటకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. ఇది మనకు మేలు చేసే నిబంధనే, కాదనడం లేదు. బడి కోసం, అంగన్‌వాడీ కోసం ఏళ్ల తరబడి అనుమతుల చుట్టూ తిరిగిన ఊళ్లకు దీని విలువ తెలుసు.

అయితే 75 అంటే ఏ 75? నిన్న మొలిచిన టేకు మొక్క కొంచెం లావెక్కితే అదీ ఒకటే, ముత్తాత నాటి ఇప్పచెట్టూ ఒకటే. చట్టం లెక్కపెట్టగలదు. పేరు పెట్టి పిలవలేదు. పేరు పెట్టి పిలవగలిగింది ఊరు ఒక్కటే, అందుకే గ్రామసభ సిఫారసు కావాలన్నారని మేం అనుకుంటున్నాం. మరి గ్రామసభలో కూర్చున్న మేం కూడా లెక్కపెట్టే పనే చేస్తే? ఆరు చెట్లే కదా, డెబ్బై అయిదుకు చాలా దూరం కదా అని నిజంగానే అనుకున్నాం. నిబంధన దాటలేదు. తప్పు చేశాం.

రాళ్ల సంగతి ఇంకా విచిత్రం. మన ములుగు జిల్లాలోనే పాలంపేట రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కేంద్రం రక్షణలో ఉన్న అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. 2010లో చట్టాన్ని సవరించి గట్టిగా రాశారు. మంచిదే. అదే జిల్లాలో తాడ్వాయి అడవిలో దామెరవాయి దగ్గర పెద్ద పెద్ద బండలు పేర్చిన ప్రాచీన సమాధులున్నాయి. రామప్ప కంటే ఎంతో పాతవి. జనం వాటిని రాక్షస గుళ్లు అంటారు. మనిషి కట్టింది అంటే నమ్మబుద్ధి కాక రాక్షసుడు కట్టాడన్నారు. రాజు కట్టింది కళ అయింది, మన వైపు రాయి రాక్షసుడిదైంది. ఇక ఊరి బడి పక్కనున్న నిలువు రాయికి ఏ పేరూ లేదు, ఏ జాబితాలోనూ లేదు. దానికి మీటర్లు ఎవరిస్తారు?

చెట్టు కూడా అంతే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడువందల ఏళ్లంటారు. చెద పట్టి కూలిపోతుంటే 2018లో మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి బతికించుకునే ప్రయత్నం చేశారు. పేపర్లన్నీ రాశాయి. చెట్టుకు సెలైన్ పెట్టగల దేశం మనది. కాబట్టి చేతకాదు అనే మాట ఒప్పుకోలేం. ఏది కాపాడదగినది అని ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే సంగతి. శాంతినికేతన్‌లో చెట్టు కింద పాఠం చెప్తే అది గొప్ప సంప్రదాయం. మన ఊళ్లో ఇప్పచెట్టు కింద పాఠం చెప్తే నివేదికలో 'గదుల కొరత' అని రాస్తారు.

ఇక్కడ మమ్మల్ని మేం కొంచెం ఆపుకోవాలి. గదుల కొరత అబద్ధం కాదు. ఈ విషయాలు మేం ఒక సమావేశంలో మాట్లాడుతుంటే ఇంటర్ చదివే తమ్ముడొకడు లేచాడు. "అన్నా, మీరందరూ ఉద్యోగాలు చేసుకుంటూ స్లాబు ఇళ్లలో ఉంటున్నరు. మాకేమో చెట్లు, రాళ్లు కాపాడుకోండి అని చెప్తున్నరు. నాకు ల్యాబ్ కావాలె. పట్నం పిల్లగాడు పిపెట్ పట్టుకుని నేర్చుకున్నది నేను బొమ్మలో చూసి నేర్చుకున్న" అన్నాడు. పదో తరగతి అమ్మాయి ఒకామె ఇంకా సూటిగా అంది. బాత్‌రూములు ఎటు కట్టాలన్న చర్చ మూడోసారి వాయిదా పడినప్పుడు, "రాత్రి పూట బయటికి పోవాల్సింది మీరు కాదు గదా సార్" అని తలొంచుకుని అంది. మాలో ఎవ్వరికీ నోరు పెగల్లేదు.

వీళ్లకు జవాబు చెప్పకుండా చెట్టు గొప్పతనం గురించి ఎన్ని పేజీలు రాసినా అది మోసమే. ఆదివాసీ అంటే అడవిలో అందంగా నిలబడి ఉండాలి, ఫొటోకు బాగుండాలి అని కోరుకునేవాళ్లు బయట చాలామంది ఉన్నారు. వాళ్ల తరఫున మేం మాట్లాడటం లేదు. ఆ అమ్మాయికి తలుపు గడియ ఉన్న బాత్‌రూము ఈ ఏడాదే కావాలి. దానికి అడ్డం వచ్చిన చెట్టు ఏదైనా, అది తప్ప వేరే చోటు నిజంగా లేకపోతే, చెట్టే పోవాలి. మేం అలాగే అంటాం. మా పెద్దలు కూడా చెట్లు కొట్టకుండా బతకలేదు. పోడు కొట్టారు, ఇల్లు కట్టారు, పాడె కట్టారు.

కానీ 'వేరే చోటు నిజంగా లేకపోతే' అన్నామే, అక్కడ ఆగి చూడండి. మా హాస్టల్ విషయంలో వేరే చోటు ఉంది. పడమర వైపు, రాళ్లూ రప్పలూ ఉన్న మిట్ట. కొంచెం చదును చేస్తే సరిపోయేది. ఏళ్ల తర్వాత వేరే పని మీద వచ్చిన ఇంజనీరు సారుతో ఈ మాట అంటే ఆయన ఆశ్చర్యపోయాడు. "అప్పుడే చెప్పుంటే అటు తిప్పేవాళ్లం కదా మాస్టారూ, కాగితం మీదున్నప్పుడు ఎంతసేపు?" అన్నాడు. మమ్మల్ని ఇప్పటికీ పొడిచే మాట అది. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు, రెండు మౌనాల మధ్య నాలుగు చెట్లు పోయాయి. చెట్టా, చదువా అని ఎవరైనా అడిగితే మేం ఇప్పుడు వెంటనే జవాబు చెప్పం. ఆ రెండింటినీ ఒకే చోట నిలబెట్టి కొట్లాడుకోమన్నది ఎవరు అని ముందు అడుగుతాం. భవనానికి కాగితం మీద ఉన్నంతకాలం కాళ్లుంటాయి, ఎటైనా నడుస్తుంది. చెట్టుకు, ఊటకు, సమాధి రాయికి ఎప్పుడూ కాళ్లుండవు. కదిలేదే పక్కకు జరగడం న్యాయం.

మరి అవ్వ అడిగిన ప్రశ్న. "నన్నడిగిండ్రా అంటలేను" అంది కదా. ఎవరిని అడగాలని ఆమె ఉద్దేశం?

తెలుగులో మేం వేరు, మనం వేరు. మేం అంటే ఎదుటివాడు అందులో లేడు. మనం అంటే ఉన్నాడు. తీర్మానాలన్నీ 'మేము' అని మొదలవుతాయి: ఈ గ్రామసభ సభ్యులమైన మేము. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం ఆ సభలో కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ రోజు మా సభలో ఆ లెక్క కూడా సరిపోయిందో లేదో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేం. సరిపోయిందనే అనుకుందాం. అయినా చెట్టు నాటినవాడు ఆ సభలో లేడు. దాని పువ్వు ఏరుకోవలసిన, ఇంకా పుట్టని పిల్లా లేదు. రాయి కింద ఉన్నవాళ్లకు హాజరుపట్టీ లేదు. సంతకం పెట్టింది మేం, పోయింది మన అందరిదీ.

కొత్తల పండుగ ఎందుకు చేస్తామో పిల్లలను అడిగితే, కొత్త పంట వచ్చినందుకు అంటారు. కొంతవరకు నిజమే. కాయ కళ్ల ముందే పండి వేలాడుతుంటుంది, మన చెట్టుదే, మన చేనుదే. అయినా వేల్పులకు, పెద్దలకు పెట్టకుండా నోట్లో పెట్టుకోం. నీది అయినంత మాత్రాన అడక్కుండా తినేయకు అన్నది అందులో ఉన్న నియమం. హక్కు ఉంది కదా అంటే సరిపోదు, హక్కు వాడుకునే ముందు ఒక ఆగడం ఉండాలి. 1996 పెసా చట్టం కూడా గ్రామసభ గురించి చెప్తూ, సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, సామూహిక వనరులను కాపాడుకునే సమర్థత దానికి ఉందని అంటుంది. కాపాడుకోవడం అన్న మాటే వాడింది. మేం ఆ చట్టాన్ని సంతకం పెట్టే అధికారంగానే చదువుకున్నాం ఇన్నాళ్లు.

ఆగడం అంటే పని ఆపేయడం కాదు. మూడేళ్ల కింద బడికి ల్యాబు, భోజనశాల వచ్చాయి. ఈసారి ప్లాను గీయకముందే తొమ్మిదో తరగతి పిల్లలకు తెల్ల కాగితాలిచ్చి, ఊరి పెద్దలను, వడ్డెను వెంటబెట్టుకుని ఆవరణంతా తిరగమన్నాం. ఉన్నదంతా పేరుతో సహా గీయమన్నాం. మాకు తెలియనివి ఎన్ని బయటపడ్డాయో! వానాకాలం నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఏ పుట్టలో పాము ఉంది, ఏ చింతచెట్టు కింద వెనకటి పంచాయితీలు జరిగేవి, ఏ రాయి ఏ ఇంటిపేరు వాళ్లది. ఒక పిల్లాడు చెలమ పైనున్న మిట్ట మీద నీలిరంగు వేసుకొచ్చాడు. ఇదేంట్రా, అక్కడ నీళ్లు లేవుగా అంటే, "కింద ఊరేది ఇక్కడ ఇంకిన నీళ్లే అని తాత చెప్పిండు సార్" అన్నాడు. మేం భూగర్భ జలాల పాఠం ఆ మిట్ట మీద నిలబడి చెప్పాం ఆ వారం.

ఆ కాగితాలన్నీ కలిపి ఒక పటం చేసి ఇంజనీరు సారు ముందు పెట్టాం. ల్యాబు తూర్పు పడమరలుగా ఉండాల్సింది ఉత్తర దక్షిణాలుగా తిరిగింది. ప్రహరీ ఒక చోట వంకర పోయింది. వచ్చిన ప్రతి అధికారీ ఆ వంకర ఎందుకని అడుగుతాడు, పిల్లలు చెప్తారు. అయినా ఒక నల్లమద్ది చెట్టు పోయింది. దానికి దారి దొరకలేదు. కొట్టే ముందు రోజు వడ్డె వచ్చి దానికి చెప్పాల్సింది చెప్పాడు, మేం పిల్లలతో అక్కడే నిలబడ్డాం. ఇంటర్ తమ్ముడు కూడా వచ్చాడు. ల్యాబు వచ్చింది. అందులో పిపెట్లు ఉన్నాయి.

చారిత్రక సంపద అంటే రాళ్లు మాత్రమే అనుకోవడం కూడా మా పొరపాటే. మన చదువుకూ చరిత్ర ఉంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండి వాచకాలు తయారయ్యాయి. అడవిలో మన పిల్లలకు మన భాషలో, మన మనిషే పాఠం చెప్పిన రోజులు అవి. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆ చరిత్ర ఆదిలాబాద్ వాళ్లకు తెలుసు, తలచుకుంటారు. మరి మిగిలిన ఊళ్ల బడులు? మా బడి మొదటి గది మట్టిగోడల పెంకుటిల్లు. శిథిలమైందని కూల్చాం, కూల్చక తప్పదేమో కూడా. కానీ ఒక ఫొటో తీయలేదు. అందులో ఉన్న మొదటి అడ్మిషన్ రిజిస్టరు చెద తినగా సగం మిగిలింది. మా తాతల పేర్లు మొట్టమొదట కాగితం మీదికి ఎక్కింది దాంట్లోనే. రాసిన సారుకు మన ఇంటిపేర్లు పలకడం రాక తప్పుగా రాశాడు. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ ఆ తప్పు పేరుతోనే ఆధార్ కార్డులో ఉన్నాయి. ఆ సగం రిజిస్టరును ఇప్పుడు ఇనప్పెట్టెలో పెట్టాం. టీచర్లు మీ బడిలో బీరువా వెనక ఒకసారి చూడండి.

ఇక ఆ బండ. ఆడపిల్లల హాస్టల్ వెనక బట్టలుతికే గట్టులో ఉన్న రాయి తమ పెద్దాయనదని ఆ కుటుంబం గుర్తుపట్టింది. పిల్లలు పటం గీసిన రోజునే బయటపడింది ఇది. తీసి ఇచ్చేద్దామన్నాం. తీయాలంటే గట్టు మొత్తం పగలగొట్టాలి, దాని కింద నుంచే మురుగు పైపు పోయింది. మళ్లీ కట్టడానికి డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. రెండు వందల మంది ఆడపిల్లలు అక్కడే బట్టలు ఉతుక్కోవాలి. ఆ ఇంటి పెద్దమనిషి వచ్చి కాసేపు ఆ గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "ఉండనీయండి సారూ, మా మనవరాలు కూడా ఇక్కడనే ఉంటది గదా" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఏటా కొత్తల రోజున ఆ కుటుంబం వస్తుంది. రాయికి పసుపు రాసి, ఇంత అన్నం, ఇన్ని చిక్కుడుకాయలు పెట్టి పోతారు. ఆ పూట ఆడపిల్లలు అక్కడ బట్టలు ఉతకరు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. బకెట్లు తీసుకుని చెలమ వైపు పోతారు, నీళ్లుంటే.